తుమ్మెదా, నిమ్మ సీతాకోకచిలుకా: మిద్దె తోటకు ఏది ముఖ్యం?

వంగతోట:
ఇక్కడ చాలామంది ఒకే మాట అంటున్నారు. కరివేపాకు మీద పురుగుల్ని వదిలేయండి, అవి నిమ్మ సీతాకోకచిలుకలై పూతను పిందె కట్టిస్తాయి. పందిరి వాసాలు తొలిచే నల్ల తుమ్మెదల్ని మాత్రం తరిమేయండి అని. ఇది తలకిందుల లెక్క. వంగ పువ్వులో పుప్పొడి పైకి కనబడదు. పసుప్పచ్చ గొట్టాల్లో ఉంటుంది, కొసన సన్నటి రంధ్రాలు. తుమ్మెద ఆ గొట్టాలను కాళ్లతో పట్టుకుని ఝుమ్మంటూ ఒళ్లు అదిరిస్తే పుప్పొడి జలజలా రాలుతుంది. టమాటాదీ అదే తీరు. తేనెటీగకు ఈ విద్య రాదు. సీతాకోకచిలుకకు ఆ పువ్వులో పనే లేదు, అందులో తేనె ఉండదు కాబట్టి. విదేశాల్లో గాజు ఇళ్లలో టమాటా వేసేవాళ్లు ఈ పని కోసమే బంబుల్ బీలను (ఇలాగే ఒళ్లు అదిరించే మరో రకం తుమ్మెదల్ని) పెట్టెల్లో కొని తెచ్చుకుంటారు. మనకు ఊరికే దొరుకుతోంది!

మారేడుచెట్టు:
వంగ సంగతి ఒప్పుకుంటానన్నా. కానీ తోటంటే వంగ ఒక్కటేనా? నూరువరహాల లాంటి సన్నటి గొట్టపు పూలలో తేనె నిమ్మ సీతాకోకచిలుక పొడుగు తొండానికి సులువుగా అందుతుంది. దాని పురుగు నిమ్మ, కరివేపాకు, మారేడు తింటుంది తప్ప మీ కూరగాయల జోలికి రాదు. ఏపుగా ఎదిగిన చెట్టుకు నాలుగు రెమ్మలు పోయినా మళ్లీ చిగురిస్తుంది. తొలిచిన వాసం చిగురించదు కదా.

కోడూరు_నర్సరీ:
ఎదిగిన చెట్టు వేరు, అంటుమొక్క వేరండీ. పిట్టరెట్టలా కనిపించే ఆ పిల్లపురుగు పెద్దదై ఆకుపచ్చగా మారాక తినే తిండే ఎక్కువ. లేత నిమ్మ మొక్కయితే ఈనెలే మిగులుతాయి. మేం మందు కొట్టకుండా చేత్తో ఏరేస్తాం. ముట్టుకుంటే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది, అంతే. ఏమీ చెయ్యదు.

వంగతోట:
అక్కా, తుమ్మెద కర్రను తినదు, గూటి కోసమే తొలుస్తుంది. లోపల అరలు కట్టి, అరకో పుప్పొడి ముద్ద, దాని మీద ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్లలు తక్కువ, అందుకే ఒక గూడు మూసేసినా నష్టం పెద్దది. వాసాలకు రంగు వేసి, పక్కనే ఎండు వెదురు బొంగులు వాన తగలని చోట కట్టండి. మీ ఇంట్లో మునగ ఉంటే ఆ పూతకూ తుమ్మెదలే ముఖ్యం.

మారేడుచెట్టు:
బొంగులు ఈ ఆదివారమే కడతా. కరివేపాకు పురుగుల్ని మాత్రం ఏరను.