నవమి రాత్రే యాట పోగు ఇంట్లకొస్తే కలశం కదపాల్నా?

గునుగుపూలు:
అందరికి నమస్తే. మాది హన్మకొండ, ఉమ్మడి కుటుంబం. కొన్నేండ్ల సంది నేను ఇంట్ల శరన్నవరాత్రులకు కలశం, అఖండ దీపం పెడుతున్న. 2025ల దసరా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు పడ్డది కదా. మటన్ షాపులు బందుంటయని మా బావ ఒకటో తారీఖు సాయంత్రమే యాట పోగు (మటన్ వాటా) తెచ్చి ఫ్రిజ్‌ల పెట్టిండు. ఫ్రిజ్ పూజ గది గోడకే ఆనుకొని ఉంటది. అప్పటికి కలశం ఇంక కదపలే. "అమ్మవారిని ఇయ్యాల్నే సాగనంపు, పొద్దుగాల పిల్లలు తినొద్దా" అన్నది మా అత్తమ్మ. నేను వినలే. ఆడికెల్లి ఇంట్ల ఎవ్వలూ సక్కగ మాట్లాడుతలేరు. ఉద్వాసన నవమి రాత్రి చెప్పొచ్చునా, దశమి దాకా ఆగాల్నా? తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

పంచాంగం_పక్కా:
తిథి లెక్క చూద్దామమ్మా. ఈసారి తిథి వృద్ధి (ఒకే తిథి రెండు సూర్యోదయాలకు ఉండటం) వల్ల నవరాత్రులు ఒక రోజు పెరిగాయి. సెప్టెంబరు 30 సాయంత్రం ఆరు దాటాక అష్టమి వెళ్ళి నవమి వచ్చింది. ఒకటో తారీఖు రాత్రి ఏడు ప్రాంతంలో నవమి వెళ్ళి దశమి వచ్చింది. మీ బావగారు పోగు తెచ్చింది ఎన్ని గంటలకు? ఏడు దాటితే అది దశమి. దోషమే లేదు.

శ్రీమాత_సేవ:
దశమి తగలగానే ఉద్వాసన అయిపోయినట్టు కాదండీ. మూలా నక్షత్రంలో ఆవాహన, శ్రవణంలో విసర్జన అన్నారు. శ్రవణం వచ్చింది రెండో తారీఖు ఉదయం తొమ్మిది దాటాక. అప్పుడు పూజ చేసి, నైవేద్యం పెట్టి, యథాస్థానం చెప్పి కలశాన్ని కాస్త ఉత్తరానికి జరపాలి. ఆ నీళ్ళు మామిడాకుతో ఇల్లంతా చల్లుకోవాలి. అందాకా అమ్మవారు ఆ చెంబులో ఉన్నట్టే. నవమి రాత్రి కదపడమంటే విస్తరి ముందు కూర్చున్న చుట్టాన్ని లేపి పంపడమే. మీరు కదపకుండా మంచి పని చేశారు.

పరకాల_పెద్దన్న:
శాస్త్రం సరే. మీ తాతల ఇండ్లల్ల కలశం ఎవలు పెట్టిండ్రో ఒక్కలు చెప్పుండ్రి. మా అవ్వ పెత్రమాస (పెద్దల అమాస) నాడు మొదటి బతుకమ్మ, ఎంగిలిపూలు పేర్చేది. ఆరోనాడు, అలిగిన బతుకమ్మ అని, పేర్చక ఊకునేది. ఆఖరు రోజు, సద్దులనాడు, తంగేడు, గునుగు నిలువెత్తు పేర్చి, పసుపు గౌరమ్మను గుమ్మడాకుల పెట్టేది. చెరువుల సాగనంపినంక ఆ పసుపు పుస్తెలకు రాసుకునేది. అమ్మవారి పండుగ అంటే గంతే. దసరాకు పదిమంది కలిసి యాటను కొనేది, మోదుగాకులు పరిచి పోగులేసేది. ఒక పోగుల బొక్కలెక్కువైతే లొల్లి, కార్జం ముక్క తక్కువైతే లొల్లి. మాపటికి జమ్మి పెట్టి అందరి కాళ్ళు మొక్కేది, పాలపిట్టను చూసేది. ఆ ఇంట్ల అమ్మవారు లేకుండెనా?

ఇంకో మాట. మన భద్రకాళమ్మకు గూడ ఒకప్పుడు బలులిచ్చేటోళ్ళంటరు. 1950ల గుడి బాగుచేసినప్పుడు నాలుక మీద బీజాక్షరాలు రాసి శాంతమూర్తిని చేసినరని చెప్తరు. అంతకుముందు ఆమె అమ్మవారు కాదా?

శ్రీమాత_సేవ:
శాంతింపజేశారనే కదండీ మీరూ చెబుతున్నారు. నేనన్నదీ అదే.

ఉర్సుగుట్ట:
మా వాడల సద్దుల బతుకమ్మనే కొందరు 29న, కొందరు 30న ఆడిండ్రు. తొమ్మిదో రోజు లెక్క చూస్తే 29, అష్టమి చూస్తే 30. వేములవాడల ఏడోనాడే సద్దులు. ఎవలి లెక్క వాళ్ళది.

పంచాంగం_పక్కా:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. పోగు ఎన్ని గంటలకు తెచ్చారు?

గునుగుపూలు:
ఆరున్నర అయితుండె. అప్పుడే దీపంల నూనె పోస్తున్న.

పంచాంగం_పక్కా:
అయితే నవమే. ఇంకాసేపు ఆగి తెస్తే సరిపోయేది.

శ్రీమాత_సేవ:
సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజంతటికీ. ఒకటో తారీఖు రాత్రి పన్నెండైనా మహర్నవమే. ఆరున్నరకు తెచ్చినా, ఎనిమిదికి తెచ్చినా తేడా లేదు.

పంచాంగం_పక్కా:
అన్నిటికీ సూర్యోదయ తిథి పట్టరు. శివరాత్రికి అర్ధరాత్రి చూస్తారు, దీపావళికి ప్రదోషం చూస్తారు. తెలుసుకుని రాయండి.

తంగేడు_చెట్టు:
ఫ్రిజ్‌ల ఉన్న మటన్‌కు సూర్యోదయమేంది సార్.

కాజీపేట_ఆడబిడ్డ:
మీరంతా గంటలు లెక్కపెడుతున్నరు, నా బాధ వేరే. మా తమ్ముని భార్య గూడ ఇట్లనే కలశం పెట్టుడు మొదలుపెట్టింది. మొన్న సద్దులకు పుట్టింటికి పోతే గడపల్నే ఆపింది. "వదినా, బస్సుల వచ్చిండ్రు కదా, తానం చేసి లోపలికి రాండ్రి" అన్నది. ఇంకో ఏడు నాకు నెలసరొస్తే వెనుక రేకుల రూంల పండుకోబెట్టింది, అన్నం ప్లేటు కిటికీలకెల్లి ఇచ్చింది. నేను పుట్టిన ఇల్లు అది! మా నాయిన ఉన్నప్పుడు ఆ రోజులల్ల గూడ మంచంల కూసోని బతుకమ్మకు గునుగు కొసలు కోసి ఇచ్చేదాన్ని, ఎవ్వలూ ఏమనలే. బతుకమ్మ అంటేనే ఆడబిడ్డల పండుగ. ఏడాదికొక్కసారి వచ్చినోళ్ళకు పప్పన్నం పెట్టి, "దశమి పూజ అయినంకనే పొయ్యి మీద కూర" అంటే ఆ ఇంటికి ఏ మొకం పెట్టుకొని పోవాలె?

శ్రీమాత_సేవ:
నియమాన్ని అవమానం అనుకుంటే ఎట్లా? తొమ్మిది రోజులు నాలుక కట్టుకోలేమా?

పరకాల_పెద్దన్న:
అగో, అసలు మాట ఇప్పుడు బయటపడ్డది. తినెటోళ్ళంటే నాలుక కట్టుకోలేనోళ్ళు. పొద్దున లేస్తే యూట్యూబుల ఎవలో ఒకలు చెప్తరు, మా కుండ మైల, మా చెయ్యి మైల అని. పోచమ్మకు కోడిని కోసిన చెయ్యే బతుకమ్మను పేర్చింది. కొన్ని ఇండ్ల పద్ధతి తెచ్చి అందరి నెత్తిన రుద్దుడు ఎందుకు?

శ్రీమాత_సేవ:
నేను ఎవరి నెత్తినా రుద్దలేదు. అడిగితే చెప్పాను. మాది మాంసాహారం తినే ఇల్లే, ఆ మాటకొస్తే. మా అమ్మమ్మది ధర్మసాగర్.

నిర్వాహకుడు:
కులాల జోలికి పోవద్దు. కలశం గురించే రాయండి.

ఉర్సుగుట్ట:
ఈ కలశం వల్ల ఇల్లు రెండయ్యేటట్టున్నది. ఆమె ఒక్కరాత్రి సర్దుకుంటే పోయేది.

గునుగుపూలు:
నేను అడిగింది ఉద్వాసన సంగతి. మీరు నన్ను ఇల్లు చీల్చేదాన్ని చేసిండ్రు. సరే, చెప్త.

పెండ్లయిన ఏడు బతుకమ్మకు మా అన్న నన్ను తీస్కపోను వచ్చిండు. మా ఊరు నర్సంపేట దిక్కు, ఎంతో దూరం గూడ కాదు. "మా బిడ్డలు వస్తున్నరు, నువ్వు పోతే ఎవలు వండుతరు" అని మా అత్తమ్మ పంపలే. ఆ తర్వాత గూడ ఏ ఏడూ పంపలే. మా అన్న అడుగుడే బంద్ చేసిండు. అందరి ఆడబిడ్డల గురించి బాధపడుతున్నరు, నేను ఒకలింటి ఆడబిడ్డను కానా?

సద్దులనాడు నువ్వులు వేయించి దంచాలె, పల్లిపొడి కొట్టాలె, పులిహోర, పెరుగన్నం, మలీద ముద్దలు. నేను చేతులు కడుక్కునేసరికి వాళ్ళు పట్టుచీరలు కట్టుకొని పద్మాక్షమ్మ గుట్ట కాడికి పోయేది. గిన్నెలు తోమి నేను పోయేసరికి బతుకమ్మలు నీళ్ళల్లకు పోయి, ఆడోళ్ళు సద్ది పంచుకుంటుండేది. ఒక్క ఏడన్న నిమ్మలంగ చప్పట్లు కొట్టుకుంట ఒక్క సుట్టు తిరగలే.

కలశం పెట్టినంక పొద్దున, మాపున ఆ తలుపేసుకుంటే నన్నెవ్వలూ పిలువరు. "పూజల ఉన్నది" అంటరు. చాయ గూడ వాళ్ళే పెట్టుకుంటరు. ఆ టైం ఒక్కటే నాది. ఒక రాత్రి ముందే కలశం తియ్యమంటే అందుకే తియ్యలే. శ్రవణం సంగతి నాకు మీరు చెప్తేనే తెలిసింది.

తంగేడు_చెట్టు:
అక్కా, ఇది మొదట్ల రాయొద్దా.

పంచాంగం_పక్కా:
సంకల్పం అందుకోసం కాకూడదు కదమ్మా. పూజకు ఫలం సంకల్పాన్ని బట్టే ఉంటుంది.

కాజీపేట_ఆడబిడ్డ:
నీ బాధ నిజమే చెల్లె. నిన్ను పుట్టింటికి పంపకపోవుడు తప్పే. గానీ అత్త మీది కోపం వచ్చిన ఆడబిడ్డల మీద తీస్తే ఎట్ల? మేమేం చేసినం? దసరాకు ఇంటికొస్తే అమ్మ చేతి కూర తినాలనుంటది, గంతే కదా.

గునుగుపూలు:
అక్కా, మా అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతోని పొయ్యి కాడ నిలబడక చాన ఏండ్లయింది. మా ఆడబిడ్డలు గూడ "అమ్మ చేతి కూర" అనే అంటరు. అది నేను వండిన కూర. మీ ఇంట్ల గూడ ఒకసారి అడిగి చూడుండ్రి, ఎవలు వండుతున్నరో.

కాజీపేట_ఆడబిడ్డ:
మా తమ్ముని భార్యనే వండుతది. అయితే? గడపల ఆపుడు కరెక్టా?

శ్రీమాత_సేవ:
గడపలో ఆపమని ఏ శాస్త్రంలోనూ లేదు. కాళ్ళు కడుక్కుంటే చాలు.

పరకాల_పెద్దన్న:
నేనొక ఉపాయం చెప్త. మా ఇంట్ల దసరా నాడు యాట కూర వండేది నేనే. వాకిట్ల మూడు రాళ్ళు పెట్టి, కట్టెల పొయ్యి మీద. ఆడోళ్ళు అల్లం ఎల్లిపాయ గూడ ముట్టుకోరు. మీ బావను గూడ అట్లనే వండుమనుండ్రి. మటన్ డబ్బా పక్కింటి ఫ్రిజ్‌ల పెట్టుకొమ్మనుండ్రి. కలశం లోపల, కుండ బయట. నవమైతేంది, దశమైతేంది.

శ్రీమాత_సేవ:
వాకిలి ప్రహరీ లోపలా, బయటా? లోపలైతే అదీ ఇల్లే.

పంచాంగం_పక్కా:
ప్రహరీ కన్నా ముందు ఆ రోజు నవమి ఎన్ని గంటల దాకా ఉందో చూసుకోవాలి.

గునుగుపూలు:
ప్రహరీ సంగతి, గంటల సంగతి పక్కకు పెట్టుండ్రి. మా బావను వండుమని మా అత్తమ్మ ముంగట ఎవలు చెప్తరు?