ట్రయల్ కాగితాల్లో ఏ తెలుగు రాయాలి? ఇంగ్లీషు మాటలు ఉంచాలా, మార్చాలా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నేను అనువాదాలు చేసుకుని బతుకుతాను. క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొత్త మందును మనుషుల మీద పరీక్షించే పనిలో, చేరే రోగి సంతకానికి ముందు చదవాల్సిన సమాచార పత్రం, సమ్మతి పత్రం నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. ఈమధ్య ఒక పాత అనువాదాన్ని సరిచేయమని ఇచ్చారు. అందులో ఇలా ఉంది: ‘మీరు యాదృచ్ఛికంగా చికిత్సా సమూహానికి గానీ ప్లాసిబో సమూహానికి గానీ కేటాయించబడతారు.’ నేను దాన్ని ఇలా మార్చాను: ‘మీకు మందు ఉన్న బిళ్ల ఇవ్వాలా, మందు లేని బిళ్ల ఇవ్వాలా అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. మీకు ఏది వచ్చిందో మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.’

నాకు పని ఇచ్చే ఏజెన్సీవాళ్ళు తిప్పి పంపేశారు. మనం రాసిన తెలుగును ఇంకొకరు మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తారు. అది అసలు ఇంగ్లీషుతో సరిపోవాలి. ‘కేటాయించబడతారు’ సరిపోతుంది, ‘కంప్యూటర్ తేలుస్తుంది’ సరిపోదు. కాబట్టి రోగికి అర్థమయ్యేది పోయి, పరీక్షలో నెగ్గేదే మిగులుతుంది.

ఇదంతా ఎందుకు అడుగుతున్నానంటే, జీన్ థెరపీ (జన్యువుల్ని మార్చి చేసే వైద్యం) లాంటివి ఇప్పుడు మన దాకా వచ్చేశాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళ కృషితో తయారైన కార్-టీ చికిత్సకు (రోగి తెల్ల రక్తకణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపేది) 2023 అక్టోబరులో మన దేశంలోనే అనుమతి వచ్చింది. ఇలాంటివాటి గురించి రోగితో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు మాటలే తెలుగు లిపిలో పెట్టాలా, తెలుగు మాటలు వాడాలా?

పాతపలక

తెలుగు మాటలే. జన్యువు, కణం, కణజాలం, మూలకణం. ఇవి గాలిలోంచి ఊడిపడలేదు. 1968లో తెలుగు అకాడమీ పెట్టిందే ఇందుకు. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కూలీల పిల్లలకు ఈ మాటలతోనే పాఠం అర్థమైంది. వాళ్ళలో డాక్టర్లయినవాళ్ళు ఉన్నారు. మొన్న అలాంటి ఒకడి దగ్గరికే వైద్యానికి వెళ్తే, పదో తరగతిలో నేను నేర్పిన మాట ఒక్కటి కూడా వాడి నోట రాలేదు. రిపోర్టు చేతిలో పెట్టి అంతా ఇంగ్లీషులో చెప్పి పంపేశాడు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

ల్యాబ్‌కోటు

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ మీరు క్లాసులో చెప్పారు, నేను వార్డులో చెబుతున్నాను. హైదరాబాద్‌లో ట్రయల్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. షుగర్, బీపీ, కీమో, బయాప్సీ, ప్లేట్‌లెట్లు అంటే బడి మొహం చూడని అవ్వకు కూడా తెలుసు. అదే బయాప్సీని ‘కణజాల పరీక్ష’ అంటే కొత్త రోగం ఏదో వచ్చిందని టెన్షన్ పడుతుంది. మధ్యప్రదేశ్‌లో 2022లో ఎంబీబీఎస్ పుస్తకాలు హిందీలో తెచ్చారు కదా, అందులోనూ ఇంగ్లీషు మాటలనే హిందీ లిపిలో ఉంచేశారు. జనానికి తెలిసిన మాట ఏ భాషదైతే ఏం?

రైలుబండి

‘యాదృచ్ఛికంగా’ బదులు ‘చీటీ తీసినట్టు’ అని రాస్తే సరిపోదా?

ల్యాబ్‌కోటు

సరిపోదు. చీటీ అనగానే ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు అనుకుంటారు. కొత్త మందు మంచిదో కాదో తెలియకనే కదా ట్రయల్ చేసేది? మందు వచ్చినవాళ్ళకే సైడ్ ఎఫెక్ట్ రావచ్చు. ‘ర్యాండమ్‌గా’ అని రాసి పక్కన నోటితో చెబితే చాలు.

పాతపలక

‘యాదృచ్ఛికం’ గణితం పుస్తకంలో ఉన్న మాట. సంభావ్యత పాఠంలో పిల్లలందరూ చదువుతారు. దాన్ని తీసేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

రైలుబండి

మాస్టారూ, ట్రయల్‌లో చేరేది పిల్లలు కాదండీ, వాళ్ళ నాయనమ్మలు.

పాతపలక

నాయనమ్మకు మనవడు చెబుతాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు ఉన్నత చదువు ఉర్దూలో చెప్పాలని నిర్ణయించారు. అనువాదాల కోసమే ప్రత్యేక సంస్థ పెట్టారు. వైద్యం కూడా ఉర్దూలో చదివారు. వాళ్ళకు చేతనైంది మనకు చేతకాదా? ‘యాదృచ్ఛికం’ ఉండాల్సిందే.

మన్యంపిల్ల

మీ ముగ్గురి వాదనా చదివాను. మాది భద్రాచలం వైపు, నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఇంట్లో కోయ మాట్లాడేవాళ్ళకు ‘యాదృచ్ఛికం’ ఎంత దూరమో ‘ర్యాండమ్’ కూడా అంతే దూరం.

2009 సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. దాన్ని ‘ట్రయల్’ అనలేదు, ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్’ అన్నారు. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోవడంతో గొడవై, 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లే సంతకాలు పెట్టారని అందులో ఉంది. మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఏ తెలుగులో రాశారన్నది కాదు నా బాధ. చదవాల్సిన అమ్మానాన్నల చేతికి కాగితమే రాలేదు.

ల్యాబ్‌కోటు

పూర్తిగా చెప్పండి మేడమ్. ఆ పిల్లల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ కమిటీకి కనిపించలేదు. ఆ గొడవతో జనంలో టీకా అంటేనే భయం పట్టుకుంది. ఏళ్ళ తరబడి మన ఆడపిల్లలకు అందలేదు. ఆ నష్టం ఎవరి ఖాతాలో వేస్తారు?

మన్యంపిల్ల

టీకా చెడ్డదని నేను ఎక్కడన్నాను? మా అమ్మాయికి వేయించాను. నేనన్నది సంతకం గురించి, మీరు జవాబిచ్చింది చావుల గురించి. నా మాటకు జవాబివ్వండి.

నల్లరేగడి

నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను. ఈసారి రాయాలనిపించింది. మా నాన్న ఒక ఆసుపత్రిలో కీళ్ళ నొప్పుల మందు ట్రయల్‌లో చేరాడు. ‘కొత్త ట్రీట్‌మెంట్, మొత్తం ఫ్రీ’ అని చెప్పారట. ప్లాసిబో కూడా పడొచ్చని ఆయనకు తెలియదు. పాత మందు మాన్పించారు. రాత్రుళ్ళు నొప్పితో గోడ పట్టుకుని నడిచేవాడు. మానేద్దాం నాన్నా అంటే, సంతకం పెట్టాను కదరా, మాట తప్పితే ఎట్లా అనేవాడు. ఎప్పుడైనా మానేయవచ్చని, మానేసినా మామూలు వైద్యం ఆగదని కాగితంలో ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. ఆ కాగితం కాపీ ఇంటికి ఇవ్వాలని రూల్ ఉంది. మాకు ఇవ్వలేదు.

పాతపలక

చాలా అన్యాయం బాబూ. అచ్చ తెలుగులో రాసి ఉంటే ఇలా జరిగేది కాదు.

నల్లరేగడి

అది తెలుగులోనే ఉంది మాస్టారూ. మా నాన్న పేపరు చదువుతాడు. ‘స్వచ్ఛంద భాగస్వామ్యము’, ‘ఉపసంహరణ హక్కు’ అని రాస్తే మానేయవచ్చని ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

గోదారిగట్టు

నా గోడు సరిగ్గా ఇదే. నేను ‘ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయండి, ఎవరూ ఏమీ అనరు’ అని రాస్తే ‘భాష స్థాయి తగ్గింది’ అని కొట్టేస్తారు. రేటు పదానికి ఇంత అని కడతారు, పని రేపటికల్లా కావాలంటారు. ఇన్నేళ్ళలో ఒక్క రోగి ముందు కూర్చుని చదివించి చూడనివ్వలేదు.

ల్యాబ్‌కోటు

అందరూ కలిసి నన్ను దొంగను చేస్తున్నారు. నా పని ఎలా ఉంటుందో చెబుతాను, వినండి. కొత్త మందుల ట్రయల్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ళు చేరితే సమ్మతి తీసుకోవడం వీడియో తీయాలి. కెమెరా పెట్టి, కాగితం ప్రతి పేజీ చదువుతాను. చదవడం రానివాళ్ళయితే సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి, ఆయన్ని వెతికి తెస్తాను. ఎదురుగా ఉన్న మనిషి తలూపుతూనే ఉంటాడు. డౌట్లు ఏమైనా ఉన్నాయా అంటే, బస్సు చార్జీలు ఎప్పుడిస్తారమ్మా అంటాడు. వాళ్ళు డాక్టరును చూసి చేరతారు, కాగితాన్ని చూసి కాదు. మీరు ఏ మాట రాసినా ఒకటే. ఇంకో మాట కూడా చెబుతాను, కోపం తెచ్చుకోండి పర్వాలేదు. ప్రతి రిస్కూ విడమరిచి చెబితే సగం మంది లేచి వెళ్ళిపోతారు. అప్పుడు రీసెర్చ్ ఎవరి మీద చేయాలి?

నల్లరేగడి

వెళ్ళిపోతారని తెలిసి చెప్పట్లేదా? మా నాన్నకు కూడా అందుకేనా చెప్పనిది?

రైలుబండి

అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. పొద్దుటి నుంచి మాటల గురించి కొట్టుకుంటున్నాం.

ల్యాబ్‌కోటు

చెప్పట్లేదని నేననలేదు. కాగితంలో ఉన్నదంతా చదువుతాను. భయపెట్టేలా చెప్పను అన్నాను. ఆ రెండింటికీ తేడా ఉంది.

మన్యంపిల్ల గారూ, మిమ్మల్నే అడుగుతాను. సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) మీ మన్యం ప్రాంతంలో ఎంత ఉందో మీకు తెలుసు. 2047 నాటికి దాన్ని లేకుండా చేయాలని 2023 జులైలో జాతీయ మిషన్ మొదలుపెట్టారు. జన్యువును సరిచేసే కాస్గెవీ చికిత్సకు అదే ఏడాది నవంబరులో బ్రిటన్‌లో అనుమతి వచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన ఆదివాసీలకు అది ఎప్పటికి అందుతుంది? ఇక్కడ తయారు చేసి, ఇక్కడి మనుషుల మీద పరీక్షిస్తేనే. మీరు ఊరూరా తిరిగి భయపెడితే ఎవరూ చేరరు. నొప్పులతో మెలికలు తిరిగే పిల్లలు అలాగే ఉంటారు. అది న్యాయమా?

మన్యంపిల్ల

ఆ పిల్లల గురించి మీరు వినడమే. నేను వాళ్ళకు సెలైన్ పెడతాను. ఎముకల్లో నొప్పి వచ్చినప్పుడు వాళ్ళు అరవను కూడా అరవలేరు. ఆ వైద్యం రావాలని మీకంటే నాకే ఎక్కువ ఉంది.

అందుకే ఆ చికిత్సలో ఏం చేస్తారో చదివాను. ముందు రక్తంలోంచి స్టెమ్ సెల్స్, అంటే మాస్టారు చెప్పిన మూలకణాలు, తీస్తారు. ల్యాబ్‌లో వాటి జన్యువును ఒకచోట కత్తిరిస్తారు. దాంతో తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారయ్యే రకం హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. ఈ భాగం చెబితే ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ కణాలు తిరిగి ఎక్కించే ముందు ‘కండిషనింగ్’ అని ఒకటి చేస్తారు. మీ కాగితాల్లో ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో ఉంచేస్తే ‘కండిషనింగ్ చేయబడుతుంది’ అని వస్తుంది. మాస్టారి పద్ధతిలో అయితే ఇంకేదో సంస్కృతం వస్తుంది. జరిగేది ఏమిటంటే, బుసల్ఫాన్ అనే గట్టి కీమో ఇచ్చి ఎముక మజ్జలో ఉన్న పాత కణాల్ని చంపేస్తారు. జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు.

ఆ చివరి మాట పదహారేళ్ళ పిల్ల తల్లికి చెప్పకుండా వేలిముద్ర వేయించుకుంటారా? చెబితే లేచిపోతుందని మీ భయం. లేచిపోతే పోనివ్వండి. రేపు ఆలోచించుకుని వస్తుందేమో, రాదేమో. ఆ పిల్ల శరీరం, ఆ తల్లి నిర్ణయం.

ల్యాబ్‌కోటు

ఎన్‌రోల్‌మెంట్ టార్గెట్ అందుకోకపోతే, అంటే అనుకున్నంత మంది చేరకపోతే, మా దగ్గర ట్రయల్ మూసేస్తారు. ట్రయల్ ఇంకో రాష్ట్రానికి పోతుంది. మీ ఊరి పిల్లలకు కనీసం ఆ అవకాశం కూడా ఉండదు. నేనన్నదీ వాళ్ళ కోసమే.

మన్యంపిల్ల

2009లో సంతకాలు పెట్టిన వార్డెన్లూ పిల్లల మంచికేనని అనుకుని ఉంటారు.

పాతపలక

అమ్మా, ‘కండిషనింగ్’కు ‘మజ్జ సంసిద్ధత’ అనవచ్చు. అందులో తప్పేముంది?

మన్యంపిల్ల

తప్పుందని కాదు మాస్టారూ. ఆ మాట విన్న తల్లికి పిల్లలు పుట్టకపోవచ్చని తెలుస్తుందా? తెలిస్తే పెట్టండి.

గోదారిగట్టు

నేను ఇలా రాసి పంపుదామనుకుంటున్నాను: ‘కొత్త కణాలు ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే కీమో మందు ఇస్తాం. ఇది మీ ఎముక మజ్జలోని పాత కణాల్ని చంపేస్తుంది. దీనివల్ల మీకు తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. దీని గురించి ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని, ఇంకో రోజు వచ్చి చెప్పినా సరే.’

ల్యాబ్‌కోటు

చివరి వాక్యం అసలు ఇంగ్లీషులో ఉందా? లేకపోతే మీ తెలుగును మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చేటప్పుడే పట్టుబడుతుంది. ట్రయల్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దాకా కూడా వెళ్ళదు.

మన్యంపిల్ల

2019 రూల్స్ ప్రకారం ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు ఉండి తీరాలి. సగం మంది బయటివాళ్ళు కావాలి. గోదారిగట్టు గారూ, మీ తెలుగు కాగితం తీసుకెళ్ళి ఆ మామూలు సభ్యుడితో చదివించమని అడగండి. ఏం అర్థమైందో ఆయన నోటితోనే చెప్పించమనండి. మీకు పని ఇచ్చే ఏజెన్సీ ఒప్పుకోకపోతే మీ పేరు లేకుండా కమిటీకి ఉత్తరం నేను రాస్తాను.

నల్లరేగడి

ఆ ఉత్తరంలో మా నాన్న సంగతి కూడా రాయండి. ‘ఉపసంహరణ హక్కు’ అని రాసిన వాక్యం ఆయనకు ఎందుకు అర్థం కాలేదో నేను వచ్చి చెబుతాను.

ల్యాబ్‌కోటు

రాయండి. కానీ చేరేవాళ్ళు తగ్గితే ఏం చేయాలో కూడా అదే ఉత్తరంలో రాయండి. దానికి మీలో ఒక్కరూ ఇంతవరకు జవాబు చెప్పలేదు.