‘తెగ నచ్చింది’లో ఈ తెగ ఎక్కడిది?

‘తెగ నచ్చింది’లోని తెగ తమిళం నుంచి వచ్చిందా అని ఒక తమ్ముడు అడిగాడు. తిరుపతిలో ఉండేవాళ్లకి ఇదొక అలవాటు, కొంచెం వింతగా వినపడిన మాటనల్లా అరవం ఖాతాలో వేసేస్తాం. వాళ్లకి ‘చాలా’ అనడానికి ‘రొంబ’ ఉంది కదా తమ్ముడూ, ఇది మన ‘తెగు’ క్రియే.

దిగు–దించు, వంగు–వంచు ఎలాగో తెగు–తెంచు అలాగే. దారం దానంతటది తెగుతుంది, మనమైతే తెంచుతాం. పద్యాల్లో త్రెంచు అని రేఫతో కనిపించేదీ ఈ అర్థంలోనే.

మరి తెగడానికీ ‘బాగా’ అనడానికీ ఏం సంబంధం అంటారా? చాలు నుంచి చాల, నిండు నుంచి నిండ వచ్చినట్టే తెగు నుంచి తెగ. పాత తెలుగులో చాలన్, నిండన్, తెగన్, అంటే చేయన్, పోవన్ లాంటి రూపాలే. చాలేంతగా, నిండేంతగా, తెగేంతగా అని చెప్పుకుంటే అర్థం సరిపోతుంది. మొదటి రెంటికీ పలికి పలికి చివర దీర్ఘం వచ్చి చాలా, నిండా అయ్యాయి, తెగ మాత్రం పొట్టిగానే ఉండిపోయింది.

ఆ చివరి ‘న్’ ఇంకా బతికే ఉంది, తెగనమ్మడం, తెగనాడటం చూడండి. తెగన్ + అమ్ము, అంటే ఇక దానితో మనకి ఏ లంకె లేకుండా అమ్మేయడం. ఇప్పుడు పేపర్లలో ‘అయినకాడికి అమ్ముకోవడం’ అనే అర్థంలోనే ఎక్కువ వాడుతున్నారు, అది వేరే సంగతి. ‘తెగనరుకు’లో ‘న’ మాత్రం నరుకుదే, దాన్ని కూడా తెగన్ + అరుకు అని విడదీయకండి సామీ!

చిత్తూరు వైపు తోతాపురి మామిడి కోతలప్పుడు మండీ దగ్గర కాసేపు నిలబడితే ‘రేటు ఇంకా తెగలేదు’ అనే మాట వినపడుతుంది. వీడొక రేటు, వాడొక రేటు అని ఇద్దరూ లాగీ లాగీ, చివరికి ఒక మాట దగ్గర ఆగితే బేరం తెగినట్టు. తగువు తెగడం, తెగేసి చెప్పడం, ఎడతెగని వాన, అన్నిట్లో ఉన్నది ఇదే.

నాకు వీటన్నిట్లో ‘తెగించు’ ఇష్టం. ప్రాణం మీదో పరువు మీదో ఉన్న తీపిని తెంచుకున్నవాడే తెగించినవాడు, ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న సామెత వాడి గురించే. తమాషా ఏంటంటే తెగువ ఉందంటే మెచ్చుకోలు, తెంపరి అంటే తిట్టు, రెండూ ఒకే ఇంటి పిల్లలు. పని కలిసొస్తే తెగువ, బెడిసికొడితే తెంపరితనం అంటాం గానీ చేసింది ఒకటే.

ఇక జనం గుంపుని తెగ అనడం కూడా ఇక్కడి నుంచే అని నా అభిప్రాయం, విడిపోయిన పాయ అన్న అర్థంలో. దీన్ని ఒప్పుకోనివాళ్లు మీ వాదన రాయండి, కాకపోతే ‘మా తాత చెప్పాడు’ అని కాకుండా ఉదాహరణలతో.