సమస్యాపూరణం: గోడ పెట్టినపుడె కూడె జంట

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

"గోడ పెట్టినపుడె కూడె జంట"

విడదీయాల్సిన గోడ ఎలా కలిపింది? జవాబు గాజుతొట్టిలోనే వెతకాలి. మా ఇంట్లో మూడడుగుల తొట్టిలో కన్విక్ట్ సిక్లిడ్ అనే చేపల జంట ఉంది. ఒళ్ళంతా నల్లచారలు, ఆడచేప పొట్ట మీద నారింజ రంగు పొలుసులు. ఒక ఉదయం చూస్తే ఆ నారింజ వెలిసిపోయింది. తోక చీలికలైంది. నీటి పైమట్టంలో, హీటరు వెనుక మూలకు ఒదిగిపోయి ఉంది. మగచేప కింద కుండపెంకు ముందు కాపలా కాస్తోంది. వీటి పుట్టిల్లు మధ్య అమెరికా. అక్కడి వాగుల్లో ఓడిన చేప పారిపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? ఆ రోజే ఈ పాదం తోచింది.

గుంటూరు సభ్యులు:
గుడ్లు పెట్టువేళ కోపించు మగచేప
చెలిమి మరచి తరుము చిన్నదాని
అద్దమొకటి నడుమ నడ్డుగా నిలబెట్ట
గోడ పెట్టినపుడె కూడె జంట

నిర్వాహకుడు:
గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు) చక్కగా కుదిరాయి. "చిన్నదాని" అన్న మాట ఎంతో నచ్చింది. కన్విక్టుల్లో ఆడది నిజంగానే మగదానికన్నా చిన్నది. అయితే రెండు మాటలు. మగచేప తరిమేది ఎక్కువగా ఆడచేప ఇంకా గుడ్లకు సిద్ధం కానప్పుడు. "గుడ్లు లేనివేళ" అంటే ఒక్క మాట మార్పుతో సరిపోతుంది. మూడో పాదంలో "నిలబెట్ట" అన్నాక నాలుగో పాదంలో మళ్ళీ "పెట్టినపుడె" రావడం పునరుక్తి. ఇలా చూడండి:

దూరముండి చూచి దొరకొన్న చనువుతో

హైదరాబాదు సభ్యురాలు:
అద్దం కన్నా చిల్లుల ప్లాస్టిక్ జాలీ మేలండీ. నీరు అటూ ఇటూ పారుతుంది, ఒకే హీటరు, ఒకే ఫిల్టరు రెండు వైపులకూ పనిచేస్తాయి. పైగా ఒకదాని వాసన మరొకదానికి తెలుస్తుంది. నా పూరణ:

రాళ్ళు లేని తొట్టి రణరంగ మగునయ్య
దాగు చోటు లేక తల్లి నలిగె
పలకరాళ్ళ నిలిపి పర్వతమ్ముగ జేయ
గోడ పెట్టినపుడె కూడె జంట

నిర్వాహకుడు:
గోడను రాళ్ళవరుసగా ఊహించడం కొత్తగా ఉంది, అనుభవానికీ నిలుస్తుంది. ఒకదాని కంట మరొకటి పడకపోతే తరమడం సగం తగ్గుతుంది. "అయ్య" పాదపూరణకే వచ్చింది, పైగా "అగు" పక్కన "నలిగె" కాలం పొసగలేదు. "రణరంగ మయిపోయె" అంటే రెండు చిక్కులూ తీరతాయి. పర్వతమని చెప్పి వెంటనే గోడ అంటే పొంతన లేదు. "పంక్తిగా నమరించ" అనండి.

కాకినాడ సభ్యులు:
పద్యం రాయడం నాకు కొత్త. తప్పులు చెప్పండి.

తొట్టి యద్దమందు తోచిన నీడతో
పగలు రేయి మగడు పగనె పూనె
నల్ల కాగితమ్ము వెనుక నంటించగా
గోడ పెట్టినపుడె కూడె జంట

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు చదివి ఆనందించాను. అద్దంలో తన నీడనే మరో మగచేప అనుకుని ముక్కు అరిగేలా పొడిచే చేపను కళ్ళారా చూసినవారే ఇలా రాయగలరు. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది, "న"కు "వె" చెల్లదు. గణాలు సరే. సవరణ:

వెనుక నల్లరంగు వేసి యద్దమునకు

ఇక్కడ "వె"కు "వే" యతి. రంగు అద్దానికి బయటివైపు వేయాలని వేరే చెప్పనక్కరలేదు.

డల్లాస్ సభ్యులు:
చిన్నదైన సతికె చిల్లొక్కటిని నుంచి
పెనిమిటికిని దారి బిగియ జేసి
వెళ్ళి వచ్చు వీలు వెలదికే యిచ్చుచు
గోడ పెట్టినపుడె కూడె జంట

నిర్వాహకుడు:
ఈ వారం నా మనసు దోచిన పూరణ ఇదే. "పె–బి" యతి ఎంత సహజంగా పడిందో చూడండి. రాకపోకల నిర్ణయం ఆడచేప చేతిలో పెట్టారు. మొదటి, మూడో పాదాలు ఇంచుమించు ఒకే మాట చెబుతున్నా, ఆ పట్టుదల వల్ల పద్యానికి బలమే వచ్చింది.

హైదరాబాదు సభ్యురాలు:
చిల్లు కొలత ఎలా తీసుకున్నారు?

డల్లాస్ సభ్యులు:
పొడవు కాదండీ, ఒంటి ఎత్తు చూశాను. ఆడచేప ఒరుసుకోకుండా దూరాలి, మగచేప తల దగ్గరే ఆగిపోవాలి. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను, లేకపోతే పొలుసులు ఊడతాయి. మూడోరోజు తనే అవతలికి వెళ్ళింది. కుండపెంకు లోపలివైపు గుడ్లు పెట్టి, మగచేప మీదికి రాగానే చిల్లులోంచి వెనక్కి వచ్చేసింది. నీరు 27 డిగ్రీలు. ఇంకో మూడు రోజులకు గుడ్లు పిల్లలయ్యాయి.

నిర్వాహకుడు:
మా తొట్టిలో జాలీకి ఈ రాత్రే చిల్లు కోస్తున్నాను. వచ్చే వారం ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపల వంతు, తేటగీతిలో:

"పిల్లలను మ్రింగి తల్లియే పెంచుచుండె"