బెన్ లోమండ్ కొండా, పర్వతమా?

అరకు అబ్బాయి:
స్కాట్లాండ్‌లో లోమండ్ సరస్సు ఒడ్డున ఉన్న బెన్ లోమండ్ ఎత్తు 974 మీటర్లేనట. మా అరకు లోయే దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మేం ఇంట్లో కూర్చున్నా ఇంచుమించు ఆ శిఖరం ఎత్తులో ఉన్నట్టే. దాన్ని పర్వతం అని ఎలా అంటారండీ? కొండ అంటే చాలు.

గ్లాస్గో నుంచి:
ఆ సరస్సు నీళ్లు సముద్రమట్టానికి 8 మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. రోవర్డెన్నన్ దగ్గర నీటి ఒడ్డున నడక మొదలుపెడితే ఆ 974లో దాదాపు అంతా కాళ్లతో ఎక్కాల్సిందే. పోయిన మే నెలలో వెళ్లాను. కింద ఓక్ చెట్ల నీడ, కాస్త పైకి పోయాక చెట్టన్నదే లేదు, గడ్డీ రాళ్లే, గాలికి టోపీ చేత్తో పట్టుకుని నడిచాను. టార్మిగన్ అనే పక్క గుట్ట వైపు దిగుతుంటే శిఖరం దాటగానే రాళ్లకి చేతులు ఆనించాల్సి వచ్చింది. కొండ అనబుద్ధి కాలేదు నాకు.

రాళ్లపిచ్చి:
ఎత్తు కంటే రాయి చూడాలి. సరస్సు దక్షిణ భాగంలో ఇంచ్‌మరిన్ నుంచి ఇంచ్‌కైలోచ్ దాకా దీవులు ఒకే వరుసలో ఉంటాయి, హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండసీమ) సరిహద్దు భ్రంశం, అంటే భూమి పొరలు విరిగి జరిగిన పగులు, పోయేది ఆ వరుస మీదుగానే. ఉత్తరాన గట్టి రూపాంతర శిలలు, దక్షిణాన మెత్తని ఇసుకరాయి. మంచుయుగంలో హిమానీనదం గట్టి రాళ్ల మధ్య ఇరుక్కుని లోతుగా తవ్వింది, మెత్తటి చోటికి రాగానే వెడల్పుగా పరుచుకుంది. అందుకే సరస్సు ఉత్తరాన సన్నగా, 190 మీటర్ల లోతు దాకా ఉంటుంది. బెన్ లోమండ్ ఈ ఉత్తరం వైపుది, అచ్చమైన హైలాండ్ పర్వతం.

అరకు అబ్బాయి:
రాయి సంగతి ఒప్పుకుంటాను. కానీ 3,000 అడుగులు దాటితే మన్రో అనడం 1891లో హ్యూ మన్రో వేసిన స్కాట్లాండ్ పర్వతాల పట్టికతో వచ్చిందే కదా, 2,990 అడుగులుంటే పర్వతం కాకుండా పోతుందా?

గ్లాస్గో నుంచి:
అందుకే నేను మన్రో మాట ఎత్తలేదు. వాన నీళ్లు చూడండి. పడమటి వాలున పడ్డ చినుకు సరస్సులోకి, లెవెన్, క్లైడ్ నదుల గుండా పడమటి సముద్రానికి పోతుంది. తూర్పున పడ్డది ఫోర్త్ నదిలో కలిసి ఉత్తర సముద్రం చేరుతుంది. దేశం నీళ్లని రెండుగా పంచేదాన్ని ఇంకేమంటాం?

తిరుపతి వాసి:
కొండ అంటే తక్కువ చేసినట్టని ఎవరన్నారండీ? మేం ఏడుకొండలు అంటాం, ఏడు పర్వతాలు అనం.