కెనడా ప్రెయిరీ (గడ్డి మైదానాల) ఊళ్లలో పాడుబడిన చెక్క ధాన్యపు ఎలివేటర్లు: కూల్చివేయక తప్పదా?

ప్రశ్న:
కెనడాలోని సస్కాచెవాన్‌లో కారులో వెళ్తూ ఒక చిన్న ఊరి దగ్గర ఆగాను. పట్టాలు పీకేసిన రైలు కట్ట పక్కన చెక్కతో కట్టిన ధాన్యపు ఎలివేటర్ (రైతులు తెచ్చిన గింజలను పైకెత్తి నిల్వచేసి, రైలు బోగీల్లో నింపే ఎత్తైన కట్టడం) ఒక్కటే నిలబడి ఉంది. గోడ మీద కంపెనీ పేరు సగం చెరిగిపోయినా, లారీలు ఎక్కే వాలు మాత్రం గట్టిగానే ఉంది. ఇంత దృఢమైన కట్టడాన్ని ఎందుకు వదిలేశారు? మరో పనికి వాడుకోవడం సాధ్యం కాదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
లోపం కట్టడంలో లేదండీ, రవాణా మారిపోయింది. రైతు గుర్రపు బండిలో గోధుమలు తోలుకొచ్చి అదే రోజు ఇల్లు చేరాలి కాబట్టి, రైలు మార్గం వెంబడి దాదాపు 10–15 కిలోమీటర్లకొక చోట వీటిని కట్టారు; 1933 నాటికి వాటి సంఖ్య 5,758కి చేరింది. లారీలు వచ్చాక అంత దగ్గర దగ్గరగా ఉండాల్సిన అవసరం తీరిపోయింది. 1897 ఒప్పందంతో మొదలైన ధాన్యపు రైలు రాయితీలు 1995లో ముగియడంతో, అప్పటికే సాగుతున్న శాఖా మార్గాల మూసివేత మరింత ఊపందుకుంది. కంపెనీలు ఒకేసారి ఎన్నో బోగీలను నింపగల పెద్ద కాంక్రీటు టెర్మినళ్లకు మారాయి. పట్టాలు లేని చోట ఎలివేటర్‌కు పనే ఉండదు.

రెండవ సమాధానం:
మరో పనికి ఎందుకు పనికిరాదో లోపలికి వెళ్తే అర్థమవుతుంది. గింజల ఒత్తిడికి గోడలు ఉబ్బిపోకుండా, పలకలను పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి పేర్చి మేకులు దిగగొట్టారు. లోపల గదులు ఉండవు, చాలా భాగం నిలువు గాదెలే. లారీ నుంచి గుంతలో పడిన గింజలను తొట్లు బిగించిన బెల్టు కొసదాకా ఎత్తేది. అవి ఏ గాదెలో పడాలో కింద నిలబడిన మనిషి చక్రం తిప్పి నిర్ణయించేవాడు. నేను చూసినదానిలో ఆ చక్రపు పిడి చేతి రాపిడికి అద్దంలా నునుపెక్కింది. దాన్ని పట్టుకున్నప్పుడు కలిగిన ఆత్మీయత నేటికీ నన్ను వదలలేదు.

మూడవ సమాధానం:
కూల్చడమొక్కటే దారి కాదు. మానిటోబాలోని ఇంగ్లిస్‌లో వరుసగా ఉన్న 5 ఎలివేటర్లకు జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు దక్కింది. ఆల్బర్టాలోని నాంటన్‌లోనూ స్థానికులు పూనుకుని కాపాడుకున్నారు. అయితే నిప్పు భయం ఎప్పుడూ ఉంటుంది. సస్కాచెవాన్‌లోని ఫ్లెమింగ్‌లో 1895లో కట్టిన ఎలివేటర్ 2010లో కాలిపోయింది. అంతకన్నా నిదానంగా చేటు చేసేది వాననీరు: పైకప్పు కారితే పలకలు లోలోపల కుళ్లిపోతాయి. మీరు చూసినదాని పైకప్పు ఎలా ఉందండీ?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. తీసిన ఫోటోలను ఇప్పుడే పెద్దవి చేసి చూశాను. పైకప్పుకు ఒక పక్క చెక్క పెంకులు ఊడిపోయి, సందులోంచి ఆకాశం కనిపిస్తోంది.