అచ్చులతో పలకలు జరిపే ఆట చేస్తున్నా, కొన్ని ఆటలు ఎంత ఆడినా పూర్తి కావట్లేదు

మలక్‌పేట్_కోడర్:
అందరికీ నమస్తే. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నా. మా అక్క కూతురు ఒకటో తరగతి, అక్షరాలు విడివిడిగా చూపిస్తే గుర్తుపడుతుంది గానీ వరసగా చెప్పమంటే ఋ దాటాక తడబడుతుంది. దానికోసం ఫోన్‌లో చిన్న ఆట చేస్తున్నా. నుమాయిష్‌లో అమ్మేవాళ్లు కదా, ప్లాస్టిక్ చట్రంలో 1 నుంచి 15 దాకా అంకెల పలకలు జరుపుతూ వరసలో పెట్టే ఆట, అదే ఇది, అంకెల బదులు అచ్చులు. ౠ వదిలేస్తే అ నుంచి అః దాకా సరిగ్గా 15, పదహారో గడి ఖాళీ. ఇంత చక్కగా సరిపోతుందని ముందు అనుకోలేదు!

యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్‌లో రాస్తున్నా. రెండు చోట్ల ఆగిపోయా. అచ్చులన్నీ ఒకే స్ట్రింగ్‌లో (ఒకే బారు అక్షరాలుగా) రాసి స్ప్లిట్ చేస్తే, అంటే ముక్కలుగా విడగొడితే, 15 బదులు 17 ముక్కలు వస్తున్నాయి, సున్నాకి విడిగా ఒక పలక, విసర్గకి విడిగా ఇంకో పలక. ఇక రెండోది, షఫుల్ చేశాక కొన్ని ఆటలు చివరిదాకా బాగానే వస్తాయి, మూడు వరసలూ సర్దుకుంటాయి, ఆఖరి వరసలో మాత్రం ఔ, అః, అం అని ఉండిపోతుంది. ఎంత తిప్పినా ఆ రెండూ చోటు మారవు. కోడ్‌లో తప్పుందా, ఆటే అంతా? అలాగే ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఖర్చు ఎంతవుతుందో కూడా చెప్పండి.

విద్యానగర్_లెక్కలు:
తమ్ముడూ, ఆటే అంత. ఎలా పడితే అలా షఫుల్ చేస్తే వచ్చే అమరికల్లో సరిగ్గా సగం ఎప్పటికీ పూర్తికావు. ఇది 1879లోనే అమెరికాలో ఒక గణిత పత్రికలో నిరూపించారు. ఆ తర్వాత శామ్ లాయిడ్ అనే పజిళ్లాయన 14, 15 తారుమారుగా పెట్టిన పలకని సరిచేసినవాళ్లకి 1000 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు, ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు. నీ ఆటలో 14వది అం, 15వది అః. అచ్చంగా అదే లెక్క నీ ఫోన్‌లో కనబడుతోంది.

ఎందుకో ఒక్కసారి అర్థమైతే కోడ్ దానంతటదే వస్తుంది. ఖాళీ గడిని వదిలేసి పలకలన్నిటినీ పై వరస నుంచి కింది వరస దాకా ఒకే బారుగా చదువు. పెద్ద నంబరు ముందు, చిన్న నంబరు వెనక ఉన్న ప్రతి జతనీ ఒక తారుమారు అనుకో. పలకని పక్కకి జరిపితే ఈ బారులో ఏమీ మారదు. పైకో కిందికో జరిపితే అది మధ్యలో ఉన్న మూడు పలకల్ని దాటుతుంది, దాంతో తారుమార్ల లెక్క సరిగా ఉంటే బేసి అవుతుంది, బేసిగా ఉంటే సరి అవుతుంది. ఇప్పుడు ఖాళీ గడి కింది వరసలో మొదలై తిరిగి కింది వరసకే రావాలంటే పైకి ఎన్నిసార్లు వెళ్లిందో కిందికి అన్నిసార్లు దిగాలి కదా, అంటే నిలువుగా జరిపినవన్నీ కలిపితే ఎప్పుడూ సరి సంఖ్యే. కాబట్టి బేసితో మొదలైంది బేసిగానే మిగులుతుంది. పూర్తయిన ఆటలో తారుమార్లు సున్నా, అది సరి. అం, అః మారితే తారుమారు ఒకటి, అది బేసి. దారే లేదు.

చెయ్యాల్సింది చిన్నదే. ఖాళీ గడిని చివర ఉంచి 15 పలకల్నీ షఫుల్ చెయ్, రెండు లూపులతో తారుమార్లు లెక్కపెట్టు, బేసి వస్తే ఏవైనా రెండు పలకల్ని అటుదిటు మార్చెయ్. ఇదంతా అక్షరాల మీద కాకుండా 1 నుంచి 15 దాకా నంబర్ల మీద చెయ్, అక్షరం పలక మీద చూపించడానికే. ఖాళీ గడి చివరే ఉంచినా 65 వేల కోట్లకు పైగా ఆటలు మిగులుతాయి, పాపకి ఒకే ఆట మళ్లీ వస్తుందన్న భయం అక్కర్లేదు.

అమీర్‌పేట్_యూఐ:
స్ప్లిట్ సంగతి నేను చెప్తాను. కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్‌లో అం ఒక్క అక్షరం కాదండి, అ ఒకటి, దాని పక్కన సున్నా ఇంకొకటి. అః కూడా అంతే. ఫ్లట్టర్ కోడ్ రాసే డార్ట్ భాషలో ఖాళీ స్ట్రింగ్‌తో స్ప్లిట్ చేస్తే వాటిని విడగొట్టేస్తుంది, అందుకే 17. మీకు 15 అచ్చులే కాబట్టి లిస్టులో ఒక్కొక్కటీ కోట్స్‌లో విడిగా రాసేయండి, సరిపోతుంది. రేపు పదాలతో ఆట చెయ్యాలనిపిస్తే మాటని అక్షరాలుగా విడగొట్టే క్యారెక్టర్స్ ప్యాకేజీ వాడండి, కానీ ముందు "స్త్రీ" అనే మాట ఇచ్చి ఎన్ని ముక్కలొస్తున్నాయో చూడండి. ఒత్తులున్న అక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమం తెలుగుకి 2023లో, యూనికోడ్ 15.1తోనే వచ్చింది, పాత వెర్షన్ అయితే దాన్ని విడగొట్టేస్తుంది.

మీరు అడగనిది ఒకటి చెప్తాను, నా దృష్టిలో అసలు ముఖ్యమైనది ఇదే. ఎ, ఏ, అలాగే ఒ, ఓ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా అంతా పైన ఉన్న చిన్న గీతలోనే ఉంది. లావుపాటి ఫాంట్ పెడితే ఆ గీత పూడుకుపోతుంది, చిన్న పలకలో పెడితే పైభాగం తెగిపోతుంది. వరస నేర్చుకుంటున్న పిల్లకి అక్కడే గందరగోళం. మండలి లాంటి సన్నటి ఫాంట్‌ని యాప్‌లోనే కలిపి పెట్టండి, ఫోన్‌లో ఏ ఫాంట్ ఉందో దానికి వదిలెయ్యకండి. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో పాత చిన్న స్క్రీన్ ఫోన్ ఒకటి తీసుకుని అందులో చూడండి, కంప్యూటర్‌లో ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌లో ఇవేవీ బయటపడవు. ప్రతి ఎత్తుకీ పలకల వరస సేవ్ చెయ్యండి, మధ్యలో ఫోన్ వచ్చి ఆట పోతే పిల్లలు ఏడుస్తారు.

మియాపూర్_యాప్స్:
ఖర్చు గురించి: గూగుల్‌కి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. అసలు టెన్షన్ డబ్బు దగ్గర కాదు బ్రదర్, కొత్త వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చెయ్యడానికి అప్లై చేసుకోనిస్తారు. క్లాస్‌మేట్స్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకో. పిల్లల యాప్ అంటే గూగుల్ ఫ్యామిలీ నిబంధనలు కూడా వర్తిస్తాయి, అందుకని ప్రకటనలు పెట్టొద్దు, ఏ డేటా తీసుకోవద్దు, అప్పుడు ఫారాలు తేలిగ్గా అయిపోతాయి. ఒక్క మేనకోడలి కోసమే అయితే ఇవేవీ వద్దు, యాప్‌ని నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైల్ అక్కకి పంపించు.

మలక్‌పేట్_కోడర్:
తారుమార్ల లెక్క పెట్టేశా, ఇప్పుడు ప్రతి ఆటా పూర్తవుతోంది. లెక్కల అన్నకి చాలా థ్యాంక్స్, యూఐ మేడమ్‌కి కూడా, ఫాంట్ సంగతి నాకు తట్టేదే కాదు. స్టోర్‌లో కూడా పెడతా, మిగతా పిల్లలకీ పనికొస్తుంది. చివరిగా ఒక్కటి, టైమర్ పెట్టనా?

అమీర్‌పేట్_యూఐ:
వద్దండి. ఈ ఆటలో కొన్ని అమరికలకి పెద్దవాళ్లు తప్పు లేకుండా ఆడినా 80 ఎత్తులు పడతాయి, ఒకటో తరగతి పిల్లకి గడియారం చూపిస్తే అక్షరాలు వదిలేసి అంకెలే చూస్తుంది. దాని బదులు మొదట 3×3లో అ నుంచి ఎ దాకా 8 అచ్చులతో ఒక ఆట పెట్టండి, పలక ముట్టుకోగానే ఆ అక్షరం మీ అక్క గొంతుతో వినిపించేలా చెయ్యండి.